అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా పది కుటుంబాలు

చెప్పుల దగ్గర మొదలైన ప్రయాణం ఇది. తెనాలి దగ్గర మా ఊరి డిగ్రీ కాలేజీలో నేను ఇరవై రెండేళ్ళుగా వృక్షశాస్త్రం ల్యాబ్ అటెండర్ని. పొద్దున్నే చేలగట్లూ కాలవగట్లూ తిరిగి, ప్రాక్టికల్స్‌కి కావలసిన పూలూ కొమ్మలూ కోసుకొచ్చి, తడిగుడ్డలో చుట్టి, బల్లల మీద మనిషికొక కొమ్మ చొప్పున సర్దడం నా పని. ఏ మొక్క ఏ కుటుంబానిదో లెక్చరర్లు చెబుతుంటే గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. తర్వాత చేత్తో పట్టుకుని చూసి నేర్చుకున్నాను. ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ కూడా కట్టి పాసయ్యాను. ఇంతలో కంప్యూటర్ల కాలం వచ్చిపడింది. మా ల్యాబును రెండు ముక్కలు చేసి పెద్ద ముక్క కంప్యూటర్లకిచ్చారు. అది ఏసీ గది, చెప్పులతో లోపలికి పోకూడదు. "రత్నం, పువ్వుల పని తగ్గిపోయింది కదా, ఆ గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులు చూస్తుండు" అన్నారు ప్రిన్సిపాల్ గారు. చూశాను. రెండేళ్ళు చూశాను. మడమ అరుగుదల చూసి ఏ జత ఎవరిదో చెప్పేదాకా వచ్చాను. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయేది.

అటెండర్లకు ల్యాబ్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ ఇవ్వడానికి పరీక్ష పెడుతున్నారని కాగితం వచ్చింది. పుష్పించే మొక్కల కుటుంబాలను గుర్తుపట్టే ప్రాక్టికల్. మా కాలేజీలోనే ఒక ఖాళీ ఉంది. పాసైతే, ఎండిన మొక్కలను కాగితాలకు అతికించి దాచే హెర్బేరియం బీరువా తాళాలు నా బొడ్లోకి వస్తాయి. లేకపోతే రిటైరయ్యేదాకా చెప్పులే. వయసు నలభై అయిదు దాటితే పరీక్ష రాయనివ్వరు, నాకు అప్పటికి నలభై నాలుగు దాటి ఎనిమిది నెలలు. పరీక్ష హైదరాబాదు పంజాగుట్టలో, వినాయక చవితికి ముందురోజు ఉదయం పది గంటలకు. అభ్యర్థి పది కుటుంబాలకు చెందిన పది కొమ్మలను పూతతో సహా తానే తెచ్చుకోవాలి. అందులో చిక్కుడు జాతి ఫాబేసీ కుటుంబం తప్పనిసరిగా ఉండాలి. పదికి ఒక్కటి తగ్గినా లోపలికి రానివ్వరు.

పరీక్షకు ముందురోజు తెల్లవారే కాలవగట్టుకు పోయి పది కొమ్మలూ కోసుకున్నాను. ఉమ్మెత్త, తులసి, ఉత్తరేణి, జిల్లేడు, గన్నేరు, వావిలి, విష్ణుక్రాంత, ఇంకో మూడు. తడిగుడ్డలో చుట్టి, పైన అరటిదొప్ప వేసి రేకు డబ్బాలో పెట్టాను. ఆరున్నర రైలు ఎక్కాను. జనరల్ టికెట్టే, కానీ పొద్దున బండి కాబట్టి కిటికీ పక్కన చోటు దొరికింది. మీరెవరైనా పూలు తీసుకుని ఈ దారిన వెళ్ళేటట్టయితే ఎడమవైపు కూర్చోకండి, ఎండ నేరుగా ఒళ్ళోకి వస్తుంది. నేను మూడుసార్లు చోటు మారాను.

గుంటూరులో ఎక్కిన ఒకాయన ఎదురుగా కూర్చుని డబ్బానే చూస్తున్నాడు. అమీర్‌పేటలో కొడుకును కోర్సులో చేర్చి ఫీజు కట్టడానికి వెళ్తున్నానని చెప్పాడు.

"ఏంటండీ అందులో? పూతరేకులా?" అన్నాడు.

"ఉమ్మెత్తండీ" అన్నాను.

ఆయన సంచి తీసుకుని నెమ్మదిగా అవతలి సీటుకు జరిగాడు. నల్గొండ దాటాక నా పులిహోర పొట్లం విప్పితే ఒక ముద్ద తినమన్నాను గానీ, "వద్దులెండి, కడుపులో బాగాలేదు" అన్నాడు. నాకు నవ్వాగలేదు.

పన్నెండూ నలభైకి సికింద్రాబాదు. అక్కడ లోకల్ రైలెక్కి బేగంపేటలో దిగాను. టికెట్టు ఐదు రూపాయలు, బండి శుభ్రంగా ఉంది. బేగంపేట నుంచి అమీర్‌పేటకు బస్సు. బస్సు దిగగానే తలెత్తి చూసి అలాగే నిలబడిపోయాను. మైత్రీవనం చుట్టుపక్కల ఇటుక కనపడకుండా బోర్డులు. జావా, ఒరాకిల్, టెస్టింగ్, శ్యాప్, వారానికి రెండు కొత్త బ్యాచ్‌లు, డెమో ఉచితం. చేతిలో కాగితాలు పెట్టే కుర్రాళ్ళు నా డబ్బాను కూడా వదల్లేదు, దాని మూత కింద రెండు దూర్చారు. ఇంత కాంక్రీటులో గడ్డిపోచ కూడా మొలవదని అప్పుడు అనుకున్నాను. ఆ మాట మర్నాడు నేనే దిగమింగాల్సి వచ్చింది.

మా అన్నయ్య కూతురు లావణ్య అక్కడ లేడీస్ హాస్టల్లో ఉంటోంది. చదివింది వృక్షశాస్త్రమే, నేర్చుకుంటున్నది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. "ఇక్కడెవరూ ఏం చదివావని అడగరత్తా, ఏం కోర్సని అడుగుతారు" అంది. గదికి నాలుగు మంచాలు, ఐదుగురు అమ్మాయిలు. అతిథులకు ఒక రాత్రికి యాభై రూపాయలు, భోజనం కలిపే. సాంబారు పల్చన, కానీ చింతకాయ పచ్చడి బాగుంది.

హాస్టల్ చూసుకునే ఆవిడ పద్మక్క, సిద్దిపేట వైపు మనిషి, పెద్ద గొంతు, పెద్ద మనసు. గదులన్నీ ఉడికిపోతున్నాయి, వంటింట్లో కుండ పక్కన మాత్రం చల్లగా ఉంది. డబ్బా అక్కడ పెట్టి, "తడి ఆరకుండా చూడమ్మా, రేపటికి కావాలి" అన్నాను.

"నువ్వు ఫికర్ చెయ్యకక్కా, నేను చూసుకుంట" అంది పద్మక్క.

సాయంత్రం లావణ్యను వెంటబెట్టుకుని పరీక్ష జరిగే భవనం ఎక్కడుందో చూసొచ్చాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా నడిస్తే అరగంట లోపే. మీరు కూడా బస్సు కోసం చూడకండి, ఆ ట్రాఫిక్‌లో నడకే నయం. తిరిగొచ్చి, తొమ్మిదింటికల్లా పడుకున్నాను.

పొద్దున ఐదున్నరకు లేచి వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీశాను. తడిగుడ్డ ఉంది, అరటిదొప్ప ఉంది. అడుగున ఒక గన్నేరు ఆకు ఉంది.

"పద్మక్కా!" అని నేను అరిచిన అరుపుకు పైఅంతస్తు అమ్మాయిలు కూడా లేచారు.

పద్మక్క చీపురుతో పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది? తేలు గిట్ల వచ్చిందా?"

"నా కొమ్మలేవి?"

"గది పత్రి గాదా అక్కా? పండుగకు ఊరికెళ్ళి తెచ్చినవనుకున్న. ఇంటికి పోయే పిల్లలు పత్రి పత్రి అని అడుగుతుంటె తలా కొంచెం పంచిన. నాలుగున్నర బస్సుకు పోయిండ్రు అందరు" అంది.

కోపం నషాళానికంటింది. కానీ ఎవరిని తిట్టను? రేపు వినాయక చవితి. ఆరోజు దేవుడికి ఇరవై ఒక్క రకాల ఆకులతో పూజ. పల్లె నుంచి వచ్చిన ఆడమనిషి డబ్బా నిండా తడి ఆకులు తెచ్చి రేపటికి కావాలంటే పత్రి అనుకోక ఏమనుకుంటారు? పైగా ఉమ్మెత్త, తులసి, ఉత్తరేణి, జిల్లేడు, గన్నేరు, వావిలి, విష్ణుక్రాంత... నా డబ్బాలో ఏడు నిజంగా పత్రిలోవే. పద్మక్క ఆకులను తప్పుగా గుర్తుపట్టలేదు, నన్ను తప్పుగా గుర్తుపట్టింది. నా ఇరవై రెండేళ్ళ చదువు కరీంనగర్ బస్సులో, వరంగల్ బస్సులో పిల్లల సంచుల్లో ఊళ్ళు చేరుతోంది. గుమ్మంలోనే కూలబడ్డాను. కళ్ళముందు చెప్పులే కనిపించాయి, వరసలు వరసలుగా.

లావణ్య ఏడవడం మొదలుపెట్టింది. "మస్తు తప్పయింది అక్కా" అని పద్మక్క నా రెండు చేతులూ పట్టుకుంది. అప్పుడు చూశాను, ఆవిడ వెనకాల గట్టు మీద ఆకుకూర కట్ట. చవితికి వండుకునే తుమ్మికూర, రాత్రే కొని పెట్టుకుందట. కట్ట లాగి ఒక కాడను వేళ్ళ మధ్య దొర్లించాను. నాలుగు పలకల కాడ. కణుపుకు రెండేసి ఆకులు ఎదురెదురుగా. కణుపు చుట్టూ బంతిలా తెల్లపూలు, ఒక్కో పువ్వుకూ పై పెదవి, కింది పెదవి.

"లావణ్యా, ఏ కుటుంబం?"

ముక్కు చీదుకుంటూనే, "లామియేసీ... తులసి కుటుంబం" అంది.

"ఒకటయింది. పద!" అని లేచాను.

పద్మక్క ఊరుకోలేదు. "నా ఎంబడి రా అక్కా" అని మెయిన్ రోడ్డు మీద పత్రి కుప్పలు పోసుకున్న చోటికి తీసుకెళ్ళింది. అప్పటికి ఆరుంబావు. ఎర్రగడ్డ రైతుబజారు వైపు నుంచి ఆటోల్లో మూటలు దిగుతున్నాయి. పద్మక్కకు తెలిసిన ఎల్లమ్మ అనే ఆవిడ, వికారాబాద్ అడవుల నుంచి పత్రి తెచ్చి పదేళ్ళుగా అదే మూల అమ్ముతోంది. రెండు చేతులకూ మోచేతుల దాకా దద్దుర్లు, గోక్కుంటూనే కట్టలు కడుతోంది.

నేను కుప్పలు కెలకడం మొదలుపెట్టాను. ఎల్లమ్మకు మండింది. "ఏందమ్మా గట్ల కెలుకుతున్నవ్? కొంటవా, కొనవా?"

"పూలున్న కొమ్మలు కావాలి. ఇదేంటి?" అని ఒక కట్ట తీశాను.

"మాచిపత్రి."

"కాదు ఎల్లమ్మా. మాచిపత్రి ఆకు వెనక్కి తిప్పితే బూడిద పూసినట్టు తెల్లగా ఉంటుంది, నలిపితే ఘుమఘుమలాడుతుంది. దీనికి వెనకా ముందూ ఒకటే పచ్చ, పచ్చి కంపు. ఇది వయ్యారిభామ. ఖాళీ జాగాల్లో పెరిగే పిచ్చిమొక్క. నీ చేతుల దద్దుర్లు దీనివల్లే."

"పదేండ్ల సంది అమ్ముతున్న, ఒక్కలు సుత గిట్ల అనలే" అంది. అంది గానీ గోక్కోవడం ఆపింది. "దద్దుర్లు ఎప్పటినుంచి?" అని అడిగాను. "పండుగ ముంగటనే లేస్తయి. డాక్టరు మందిచ్చిండు, తగ్గలే" అని, కట్ట వైపు ఒకసారి, చేతుల వైపు ఒకసారి చూసుకుంది. పద్మక్క నా కథంతా చెప్పేసరికి మెత్తబడింది. "గట్లైతే తీస్కో. నీకు కావాల్సింది ఏరుకో తల్లీ."

ఆ కుప్పల్లో కొమ్మకు పువ్వుతో సహా నాకు మూడు దొరికాయి. గరాటులాంటి తెల్లపువ్వుతో ఉమ్మెత్త, సొలనేసీ. ఊదాపూల గుత్తితో జిల్లేడు, తుంచగానే పాలు కారేది, ఆస్క్లెపియడేసీ. చీరకు అంటుకునే ముళ్ళ కంకితో, ఉబ్బిన కణుపులతో ఉత్తరేణి, అమరాంతేసీ. మొత్తం నాలుగు. టైము ఏడు. ఇడ్లీ బండి దగ్గర నిలబడే రెండు ఇడ్లీలు తిని, లావణ్యా నేనూ పంజాగుట్ట దారి పట్టాం.

ఇక్కడ నుంచి చెప్పేది ఆ దారిన వెళ్ళేవాళ్ళు నిదానంగా వినండి. రోడ్డుకు ఎడమవైపు, కోచింగ్ సెంటర్ల మెట్ల కింద, నేమ్‌బోర్డు ఇనప కాళ్ళు పాతిన చోట గడ్డిచామంతి ఉంది. పొద్దున్నుంచే వందల కాళ్ళు దాన్ని దాటిపోతున్నాయి. మనం ఒక పువ్వనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు, బుట్టెడు చిన్నపూలు, అంచున రేకులా కనిపించేది కూడా ఒక్కొక్కటీ ఒక్కో పువ్వే. ఆస్టరేసీ, ఐదు. రోడ్డు మధ్య డివైడరులో బిళ్ళగన్నేరు. బస్సుల మధ్య నుంచి లావణ్య ఒక్క ఉరుకులో పోయి తెచ్చింది, నా గుండె ఆగినంత పనైంది. మొగ్గలో రేకులు తాడు పేనినట్టు మెలితిరిగి ఉంటాయి. అపోసైనేసీ, ఆరు. మళ్ళీ అలా ఉరకొద్దని చెవి మెలేసి చెప్పాను. ఒక బట్టల షాపు ముందు కుండీలో నూరువరహాలు. ఎదురెదురు ఆకుల రెండు కాడల మధ్య కణుపు మీద చిన్న ముల్లులాంటి పొర ఉంటుంది, అది చూస్తే ఇక పువ్వు చూడక్కర్లేదు. షాపు ఊడుస్తున్న మనిషిని అడిగితే, "ఒక్కటి తీస్కో అమ్మా, సేఠు ఇంకా రాలే" అన్నాడు. రూబియేసీ, ఏడు.

బంజారా హిల్స్ వైపు తిరిగే సందు మొదట్లో ఒక పెద్ద ఇంటి గోడ మీద నుంచి కాగితపు పూలు వేలాడుతున్నాయి. కొమ్మ అందుకుని లావణ్యను అడిగాను, "రేకులెన్ని?"

"మూడు" అంది టక్కున.

"చూడు మరి!" అన్నాను. రంగురంగుగా ఉన్న ఆ మూడూ రేకులు కావు, ఆకులే. ఒక్కో ఆకు నడుమ ఈనెకు అంటుకుని అగ్గిపుల్ల తలంత మొనతో సన్నటి గొట్టం ఉంటుంది, అదీ అసలు పువ్వు. లావణ్య నాలుక కరుచుకుంది. నిక్టాజినేసీ, ఎనిమిది.

అదే ఇంటి వాచ్‌మన్ మమ్మల్ని చూసి గేటు తీశాడు. తిడతాడనుకున్నాను. "పూజకా అమ్మా? మందారం గావాల్నా?" అన్నాడు. ఎంత మంచివాడు! కానీ చూపించింది ముద్దమందారం, గుప్పెడంత పువ్వు.

"ఇది వద్దన్నా, రేకమందారం కావాలి" అన్నాను.

"గిదే పెద్దగున్నది గదా?"

"దీన్లో కేసరాలన్నీ రేకులైపోయాయి. నాకు కేసరాలన్నీ కలిసి గొట్టంలా ఉన్నది కావాలి, లెక్క చెప్పాలి."

"పువ్వుల లెక్కలేందమ్మా?" అని నవ్వుతూనే, వెనకవైపు కారు షెడ్డు పక్కనున్న ఒంటిరేకుల ఎర్ర మందారం కొమ్మ తెచ్చిచ్చాడు. ఆకు నలిపి చూశాను, వేళ్ళకు జిగురు. మాల్వేసీ, తొమ్మిది.

టైము తొమ్మిదింబావు. పదోది, తప్పనిసరిగా ఉండాల్సిన ఫాబేసీ, లేదు. చిక్కుడు పాదు కోసం చూశాం. అదే కుటుంబానికి చెందిన కానుగ చెట్లున్నాయి, పూత లేదు. ఒక ఆసుపత్రి ఆవరణలోకి వెళ్ళి తొంగి చూస్తే అంతా లాన్ గడ్డి, అంతా క్రోటన్లు. చౌరస్తాలో ఫ్లైఓవర్ పనికి తవ్వి పోసిన మట్టి దిబ్బల మీద కూడా వెతికాను. తొమ్మిదీ నలభై అయింది. తొమ్మిదింటిని చేతిలో పట్టుకుని ఒక్కదాని కోసం ఇంటికి తిరిగిపోవాలా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లోపలికి పోయి బతిమాలదాం అత్తా" అంది లావణ్య. సరేనని కాళ్ళీడ్చుకుంటూ ఆ భవనం గేటు దాకా వచ్చాం.

గేటు ఊచలకు నీలంగా అల్లుకుని శంఖుపూలు!

నిన్న సాయంత్రం అదే గేటు ముందు పది నిమిషాలు నిలబడి బోర్డు చదివాను. పూలు ముడుచుకున్నాయో, నా కళ్ళు బోర్డుల మీదే ఉండిపోయాయో! ఒక తీగ తుంచాను. ఈకలాంటి ఆకు, ఆకు మొదట్లో ఉబ్బు, పెద్ద రేకు ఒకటి, పక్కవి రెండు, పడవలా కలిసినవి రెండు. పది. రోడ్డు మీదే లావణ్యను కావిలించుకున్నాను. గేటు దగ్గర గుర్ఖా గడియారం చూపించి తొందరచేశాడు. పదికి మూడు నిమిషాలుంది.

లోపల పద్నాలుగు మంది అభ్యర్థులు. అంతా కుర్రకారు, సగం మంది ఎమ్మెస్సీలు చేసి అటెండర్లుగా చేరినవాళ్ళే. పరీక్షాధికారులు ఇద్దరు. ఒక పెద్దాయన, కళ్ళజోడు ముక్కు చివర. పక్కన సన్నగా ఒక మేడమ్. మధ్యాహ్నం పన్నెండున్నరకు నా వంతు వచ్చింది. నా పది కొమ్మలూ వరసగా సర్దాను. ఇరవై రెండేళ్ళు అవతలివాళ్ళ కోసం సర్దిన చేతులు, మొదటిసారి నా కోసం సర్దాయి.

"ఎక్కడ సేకరించారు?" అన్నారు పెద్దాయన.

"అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా సార్. ఈ పొద్దున."

"అమీర్‌పేటలో కోర్సులు తప్ప ఇంకేమైనా మొలుస్తాయా అమ్మా?" అని నవ్వారాయన.

"మొలుస్తాయి సార్, చూసేవాళ్ళకి" అన్నాను. అనేశాక నోరు కాస్త అదుపులో పెట్టుకోవలసింది అనిపించింది. మేడమ్ మాత్రం తల వంచుకుని నవ్వింది.

బ్లేడుతో ఉమ్మెత్త అండాశయం అడ్డంగా కోసి లోపలి గోడ ఏటవాలుగా ఉండటం చూపించాను. శంఖుపూవులో పది కేసరాల్లో తొమ్మిది కలిసి, ఒకటి విడిగా ఉండటం సూదితో విడదీసి చూపించాను. కాగితపు పువ్వు దగ్గర మేడమ్ "రేకులెన్ని?" అని అడిగింది. "మీరు అడిగేవి ఇవైతే, ఇవి రేకులు కావు మేడమ్ గారూ" అన్నాను. అంతకుముందు కాగితపు పూలు తెచ్చిన నలుగురూ మూడని చెప్పి వెళ్ళారని తర్వాత తెలిసింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇవన్నీ మీరు రోజూ చూసే మొక్కలు. అలవాటు మీద చెప్పేస్తారు. పువ్వు లేకుండా, ఉత్త ఆకు ఇస్తే?" అన్నారు. అటూ ఇటూ చూసి, కుర్చీ కింద నుంచి గుడ్డసంచి తీశారు. నిన్న సాయంత్రం పూజకని అమీర్‌పేటలో కొన్న పత్రి, పరీక్ష కాగానే కూతురింటికి తీసుకెళ్ళాలని వెంట తెచ్చుకున్నారట. "ఇదిగో, ఇరవై ఒకటి. చెప్పండి చూద్దాం."

సంచి విప్పుతూనే నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. మూడాకులు ఒక కాడకు, వెలుతురుకు పెడితే సూదిబెజ్జాల్లా మెరిసే నూనె చుక్కలు. మారేడు, రూటేసీ. మొదట్లోనే మూడు ఈనెలు విడిపోయిన గుండ్రటి ఆకు, అడుగున తెలుపు, జంటముళ్ళు. రేగు, రామ్నేసీ. తోకలాంటి మొన, తుంచితే పాలు. రావి, మోరేసీ. కణుపుకు మూడేసి ఆకులు. గన్నేరు, అపోసైనేసీ. ఆయన రాసుకోవడం మానేసి వింటున్నారు. తర్వాతి కొమ్మ దగ్గర ఆగాను.

"ఇది జమ్మి అని ఇచ్చారా సార్?"

"అవును."

"ముళ్ళు లేవు చూడండి. ఇది సుబాబుల్. కుటుంబం ఒకటే, మొక్క వేరు. ఇదేమో దేవదారని ఇచ్చి ఉంటారు. అంచు అలలుగా ఉంది, ఇది రోడ్ల పక్కన పొడుగ్గా పెరిగే అశోక, సీతాఫలం కుటుంబం." ఇంకో కట్ట చేతికొచ్చింది. వెనక్కి తిప్పి చూసి, నలిపి వాసన చూశాను. పట్టలేనంత నవ్వొచ్చింది, ఎలాగో ఆపుకున్నాను. "సార్, ఇది మాత్రం పూజలో పెట్టకండి. మాచిపత్రి కాదు, వయ్యారిభామ. రెండూ ఆస్టరేసీయే. కానీ దీన్ని పట్టుకుంటే కొందరికి దద్దుర్లు వస్తాయి."

పెద్దాయన కుడి ముంజేయి మీది చొక్కా పైకి లాగారు. ఎర్రగా కందిపోయి ఉంది. "రాత్రి కట్ట విప్పి సర్దింది నేనేనమ్మా. దోమలనుకున్నాను!" అన్నారు. మేడమ్ ఇక ఆపుకోలేక పకపకా నవ్వింది. బయట గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళు కూడా నవ్వారు. ఆయనా నవ్వేశారు. "నలభై ఏళ్ళు వర్గీకరణ పాఠం చెప్పాను. దేవుడి సంచిని ఎవడు పరీక్షిస్తాడు!" అన్నారు. ఎవరి దగ్గర కొన్నారని నేను అడగలేదు.

మూడున్నరకు మేడమ్ బయటికొచ్చి జాబితా చదివింది. మొదటి పేరు నాది. నేను రెండోసారి చదవమని అడిగాను, చదివింది. పెద్దాయన వచ్చి, "మీ బీరువాలో ఈ వయ్యారిభామనీ, మాచిపత్రినీ పక్కపక్కన అతికించి పెట్టండి రత్నం గారూ" అన్నారు. నా పేరుకు గారు తగిలించింది ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయనే మొదటివాడు.

తిరుగుదారిలో ఎల్లమ్మ దగ్గర ఆగాం. రెండు చేతులకూ పాలిథీన్ కవర్లు కట్టుకుని కూర్చుంది. వయ్యారిభామ కట్టలన్నీ వెనక మురిక్కాలవ పక్కన పడి ఉన్నాయి.

"పాసైనవా?"

"ఫస్టు వచ్చాను."

"అట్లనా! నా కుప్పలకెళ్ళి కదా కొమ్మలు పోయినయి" అంది గర్వంగా. మధ్యాహ్నం వికారాబాద్ నుంచి మనిషి చేత తెప్పించిందట, అసలు మాచిపత్రి కట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. నలిపి చూశాను, వీధంతా ఘుమాయించింది. హాస్టల్లో పద్మక్క తుమ్మికూర పప్పు చేసి పెట్టి, నేను తినేదాకా కదల్లేదు. "వచ్చే పండుగకు డబ్బా మీద పేరు రాసుకొని రా అక్కా" అంది.

ఐదున్నరకు సికింద్రాబాదులో రైలెక్కాను. లావణ్య ప్లాట్‌ఫారం మీద నిలబడి, "అత్తా, నేను మర్చిపోయాననుకున్నాను, అన్నీ గుర్తొచ్చాయి" అంది. బండి కదిలాక రెండు రోజుల దారంతా ఒకసారి తలుచుకున్నాను. ఇన్ని బోర్డుల కింద, ఇన్ని కాళ్ళ మధ్య, ఎవరూ పట్టించుకోకుండానే పది కుటుంబాలు కాపురం ఉన్నాయి. మీరు వెళ్ళినప్పుడు మెట్ల కింద చూడండి, గేటు ఊచలు చూడండి. నా లాగా నోరు జారి అక్కడేమీ మొలవదని మాత్రం అనకండి.

బండి కిక్కిరిసి ఉంది. బీబీనగర్ దాటాక ఒక కుర్రాడు, మెళ్ళో కంపెనీ ట్యాగు, పడుకోవడానికి పై చెక్క మీదికి ఎక్కుతూ కొత్త బూట్లు విప్పి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. "అమ్మా, కాస్త చూస్తుంటారా?" అన్నాడు.

అలవాటుగా నా చూపు ముందు మడమల మీదికే పోయింది. తర్వాత తలెత్తి ఆ అబ్బాయి ముఖంలోకి చూశాను.

"లేదు నాయనా, నాకు ఉద్యోగం మారింది. నీ బూట్లు నువ్వే పైన పెట్టుకో" అన్నాను.

వాడు ఏమీ అర్థంకాక బూట్లు తీసి తల కింద పెట్టుకున్నాడు. నేను ఒళ్ళోని మాచిపత్రి కట్టకు తడిగుడ్డ సరిచేసుకుని కిటికీ వైపు తిరిగాను.